పొలాల తెల్లారి తెల్ల పొగ

ఖానాపూర్ పక్కన ఒక పల్లె. ఎడ్లను పూజించే పొలాల అమావాస్య తెల్లారి. లక్ష్మణ్ ఇంటి వాకిట్లో ట్రాక్టర్, దాని ముందర మిస్త్రీ పరశురాములు.

"ఆపు! ఆపుమంటున్న గదా, చెవుడా నీకు?"

"ఇందాకనే ఆపద్దంటివి గదా మిస్త్రీ."

"ఇందాక వినేదుండె, ఆపద్దన్న. ఇప్పుడు విన్న, ఆపుమన్న. గింత గూడ తెల్వని నువ్వు దుబాయిల ఏం బండి నడిపినవయ్య సేటు?"

"లోడర్ నడిపిన. గిసొంటి ట్రాక్టర్లు దాని తొట్టిల రెండు పడుతయి."

"పడుతయి, ఎందుకు పడయి. ఆడ తాళం తిప్పితే నడిచింది. పాడైతే ఇంకెవడో వచ్చి బాగుజేసిండు. నువ్వు ఏసీల కూసొని ఖర్జూరపండ్లు తిన్నవు. గదే గదా?"

"మాటలు మస్తు నేర్చినవు గని, ఏం రోగమో జెప్పు ముందు."

"ముందు గీ దండ తియ్యి. బంతిపూల రేకులన్ని పోయి రేడియేటర్‌కు తట్టుకున్నయి. గిదేంది, సైలెన్సర్‌కు రంగులేసినవా? ఎర్రది, నీలిది… గొండెలు గూడ గట్టినవు! దీన్ని ఎద్దు కొమ్ము అనుకున్నవా ఏంది?"

"నేను గాదు, మా అవ్వ. నిన్న పొలాల పండుగ గదా. ఎడ్లు లేవాయె, దీన్నే తోలుకపోయి హనుమాండ్ల గుడి చుట్టు తిప్పుమని పానం తీసింది. ఊరంత నవ్విండ్రు."

"తిప్పినవా?"

"తిప్పకుంటే అన్నం ముట్టది గదా ముసల్ది. తిప్పిన. పొద్దుగూకెటాల్లకు తెచ్చి ఈడ నిలవెట్టిన. గప్పటిదాక మంచిగనే ఉండె. పొద్దుగాల లేచి, సోయ చేన్ల లద్దెపురుగు వడ్డది, మందు కొడుదామని తాళం తిప్పి చాలు చేసిన. జరసేపు నడిచింది. ఇగ దడదడ, దడదడ. చలిజరం వచ్చినట్టు వణుకుడు. తెల్ల పొగ."

"తెల్లదేనా? నల్లది గాదా?"

"తెల్లదే, నువ్వు చూడలేదా? నేను ఫోన్ల గూడ చూసిన. తెల్ల పొగ వస్తే డీజిల్ చిమ్మే నాజిల్ పోయినట్టట. లేకుంటే పంపు టైమింగ్ తప్పినట్టట. గది గాకుంటే గ్యాస్కెట్…"

"గా ఫోన్ల ఆయననే పిలువకపోయినవా? నన్నెందుకు పిలిచినవు?"

"ఏం జెయ్యాలె, ఆయన పంజాబ్‌ల ఉండె."

"బతికిపోయిండు."

"చాయ్ తాగుండ్రి. పరశురాములు బిడ్డా, ఇగో నీ గిలాస. జర తియ్యగనే చేసిన."

"ఆడ వెట్టు పెద్దవ్వా. నీ ఎద్దును మంచిగనే సింగారిచ్చినవు. గోరింటాకొక్కటి మరిచినవు."

"నవ్వు కొడుకా, నవ్వు. దున్నేది గదే, మోసేది గదే. ఎద్దు పని చేసేదానికి ఎద్దు మర్యాద చెయ్యద్దా? పండుగ పూట ఉత్తగ నిలవెడ్తె మనకే పాపం."

"అవ్వ, నువ్వు ఇంట్లకు నడువు. ఆయన పని జేసుకోని."

"ఏమైంది దీనికి? నిన్న మంచిగనే తాగి…"

"నీకు తెల్వది, నడువ్!"

"ఎందుకు కసురుతవయ్య? కూసోనియ్యి. కూసో పెద్దవ్వా, గా అరుగు మీద కూసో. ఇంజన్ గురించి నీకు తెల్వది, నీ కొడుక్కు తెల్వది. ఇద్దరు సమానమే. తేడా ఏందంటే, నీకు తెల్వదని నీకు తెలుసు."

"మిస్త్రీ, నిన్ను బండి చూడ పిలిచిన, నన్ను చూడ గాదు."

"నిన్ను చూసుడు అయిపోయింది. ఎక్కు, ఎక్కి తాళం తిప్పు. ఇగ విను. నేను ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు జరంత వదులు చేస్త. వదులు చేసినప్పుడు చప్పుడు మారిందనుకో, గా సిలిండర్ మంచిగ పనిచేస్తున్నట్టు. మారలేదనుకో, గది సచ్చినట్టు. అర్థమైందా?"

"అయింది."

"ఏమర్థమైంది?"

"మారితే సచ్చినట్టు."

"నీ తెలివి సల్లగుండ! మారకపోతే! మారకపోతే సచ్చినట్టు. ఇంట్ల పని చేసే మనిషి ఒక్కపూట పండుకుంటే ఇల్లంత ఆగమైతది, తెలుస్తది. పని చెయ్యనోడు పండుకుంటే ఎవలికి తెలుస్తది? నువ్వు పండుకుంటే మీ ఇంట్ల ఎవలికన్న తెలుస్తదా?"

"తెల్వది బిడ్డా, గురక పెట్టినప్పుడే తెలుస్తది."

"అవ్వ!"

"తిప్పు, తిప్పు. ఆ… గిట్ల కొట్టుకుంటుంది చూడు. ఇగ మొదటిది వదులు చేసిన. చెప్పు."

"మారింది."

"బిగిచ్చిన. రెండోది."

"మారలే! మారలే మిస్త్రీ! గదే, రెండోదే సచ్చింది! నేను చెప్పలే నాజిల్ అని?"

"మొత్తుకోకు. మల్ల వదులు చేస్తున్న."

"…ఇప్పుడు మారింది."

"మూడోది."

"మారలే. ఆగు, మారింది. జర మారింది."

"మల్ల మొదటిది."

"మారలే. గదేంది, ఇందాక మారె గదా?"

"ఆపు ఇగ. ఇప్పుడు చెప్పు. బడిల పిల్లలందరికి ఒక్కసారే కడుపుల నొప్పి లేచింది. పిల్లల తప్పా, వంట తప్పా?"

"వంటదే."

"గది. నాజిల్ పోతే ఒక్క సిలిండరే ఏడుస్తది. ఎప్పుడు చూసిన గదే ఏడుస్తది. ఈడ ఒకసారి ఇది, ఒకసారి అది. అంటే దానికి పెట్టే తిండిలనే లొల్లి ఉంది. డీజిల్ల ఉంది. నాజిల్ గాదు, పంపు గాదు, నీ పంజాబ్ ఆయన చెప్పింది ఏదీ గాదు."

"నాకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"డీజిల్ల ఏదో పోసిండ్రని. పొద్దుగాల పొగ చూసినప్పుడే అనుకున్న. నీ నోటి నుంచి అనిపిద్దామని ఆగిన."

"ఎవలు పోసిండ్రట?"

"ఇంకెవలు? మా అన్న. బుచ్చిరాములు."

"ఓహో! గందుకా గీ ఇస్త్రీ అంగి? వచ్చినప్పటి సంది అడుగుదామనుకుంటున్న. ట్రాక్టర్ బాగుచేసుకునే కాడికి తెల్ల ఇస్త్రీ అంగి తొడుక్కొని వచ్చినోన్ని నేను ఏడ చూడలే."

"ఖానాపూర్ ఠాణకు పోతున్న. నువ్వొక్క మాట చెప్పు చాలు. ట్యాంకుల కావాలని పోసిండ్రు అని. కేసు పెట్టి లోపల ఏపిస్త. పెద్దోడు, పెద్దోడు అని ఇన్నొద్దులు ఊకున్న."

"లచ్చుమనా! అన్న మీద కేసు పెడ్తవార?"

"నువ్వు మాట్లాడకవ్వ. వాడు నా గెట్టు జరిపిండు. నా సోయ తొక్కుకుంట బాట చేసుకుండు. అడిగితే ఏమన్నడు? దుబాయిల ఒంటెలు కాసినోనికి ఎవుసమేం తెలుసు అన్నడు. ఊరి నడుమ, అందరి ముందట! మిస్త్రీ, నేను ఒంటెలు కాసిన్నా?"

"లోడర్ నడిపినవు."

"లోడర్ నడిపిన!"

"ఒంటె గూడ గింతే ఎత్తుంటది గని, పోనీ."

"వాడేమన్నడో చెప్పినవు. నువ్వేమన్నవో గది గూడ చెప్పు కొడుకా."

"ఏమన్న? ఉన్నదే అన్న."

"అన్న గాదు అడ్డగాడిద అన్నడు బిడ్డా. పెద్దోడు ఒంటెల కాపరి అనవట్టె, చిన్నోడు అడ్డగాడిద అనవట్టె. నేనేం కన్ననో నాకే తెల్వకుంటయింది."

"పెద్దవ్వా, నువ్వు గీ ఇంట్ల ఉండేదానివి గాదు. సర్పంచివి కావలసినదానివి."

"నవ్వకు మిస్త్రీ. గందుకనే నేను ఖరాఖండిగ చెప్పిన అవ్వకు. వాని ఇంటి గడప తొక్కినవా, మల్ల నా ఇంటికి రావద్దని."

"కన్నతల్లికి గట్ల చెప్పినవా?"

"చెప్పిన. నా ఇంట్ల తిని వానికి మోస్తనంటే ఎట్ల?"

"సెబాష్. ఎడ్లను పంచుకుండ్రు, ఇగ అవ్వను గూడ కాడికి కట్టి చెరొక దిక్కు గుంజుండ్రి. అవునుగని, గా జోడు ఏమాయె? కర్రెద్దు, తెల్లెద్దు. పొలాలనాడు మీ జోడు వస్తుందంటే గుడి కాడ తొవ్వ ఇచ్చేది జనం."

"పంచుకున్నప్పుడు కర్రది నాకు వచ్చింది. తెల్లది ఆయనకు."

"ఒంటెద్దుతోని ఏం దున్నినవు?"

"ఏం దున్నుత? అమ్మిన. బోథ్ అంగడిల."

"ఆయన?"

"ఆయన నిర్మల్ దిక్కు అమ్మిండు."

"ఇద్దరు కలిసి జోడు అమ్మితే ఎవడన్న రైతు కొనుక్కొని దున్నుకునేది. ఒక్కొక్కటి అమ్మితే కోతకు పోతదని తెల్వదా? తెలుసు. తెలిసే అమ్మిండ్రు. ఇద్దరికిద్దరు గొప్పోళ్ళు. ఇగ ఒకడు ట్రాక్టర్ కొంటే ఇంకొకడు కొనాలె. ఇద్దరి చెలుకలు కలిపిన ఒక్క ట్రాక్టర్‌కు సరిపోయే పని లేదు."

"కర్రెద్దు ఎంత మంచిదో బిడ్డా. పండుగకు చేసిన తియ్యటి పోలె చేతిల పట్టుకొని పెడుదామంటే ముట్టకపోయేది. తెల్లెద్దు ముందుగాల తింటేనే అది తినేది. నేను రెండు చేతులతోని రెండింటికి ఒక్కసారి పెట్టేదాన్ని. దాన్ని అంగడికి తోలుకపోయిన తెల్లారి గూడ తెల్లది గడ్డి ముట్టలే. పెద్ద కోడలు చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది? నువ్వు ఆమెతోని మాట్లాడుతున్నవా?"

"బోరింగ్ కాడ చెప్పింది. బోరింగ్ గూడ నీదేనా?"

"సరే, సరే. మిస్త్రీ, నువ్వు డీజిల్ సంగతి చూడు. అవ్వ గిట్లనే ఎడ్ల కతలు చెప్పుకుంట కూసుంటది."

"చూసేదేముంది? నువ్వు డీజిల్ ఏడ నుంచి తెచ్చినవు?"

"ఖానాపూర్ నుంచే. డబ్బల తెచ్చిన."

"డబ్బ ఏడ వెట్టినవు? చూపియ్యకు, గా మూలకు కనవడుతుంది. మూత లేదు, గుడ్డ కుక్కినవు. మొన్న కొట్టిన వాన ఏడికి పోయింది? సక్కగ దాంట్లకే పోయింది. డీజిల్ల నీళ్ళు. నీళ్ళు మండుతయా? మండయి. దడదడ కొడుతది, తెల్ల పొగ వస్తది. అయిపాయె. మీ అన్న పోయ్యలే, వాన పోసింది. పో, ఇస్త్రీ అంగి మీదనే పోయి వాన మీద కేసు పెట్టు."

"వాన గాదు. నేను వాన రాకముందే పోసిన ట్యాంకుల."

"మిస్త్రీ పని చేసేది నేనా, నువ్వా? పెద్దవ్వా, గీ చాయ్ అయిపోయింది. గిలాస మంచిగ కడుగు, కడిగి పొడిగుడ్డతోని తుడువు. సుక్క తడి ఉండద్దు. గీ ఫిల్టర్ గిన్నె కింది మర ఇప్పి గిలాసల పడుత. నీ కొడుక్కు కండ్లకు చూపిస్త."

"ఇగో బిడ్డా."

"పట్టుకో సేటు. అంగికి తాకుతది, దూరం పట్టుకో. ఠాణల డీజిల్ వాసనతోని పోతే నిన్నే అనుమానిస్తరు. ఇగో… పడుతుంది. చాలు. ఇప్పుడు ఎండకు ఎత్తి చూడు. పైన డీజిల్. కింద?"

"కింద నీళ్ళు."

"నేనేం జెప్పిన?"

"నీళ్ళు గింత ఎర్రగుంటయా మిస్త్రీ?"

"డబ్బ తుప్పు."

"డబ్బ ప్లాస్టిక్‌ది గదా."

"అయితే ట్యాంకు తుప్పు. ప్రతిదానికి అడ్డం మాట్లాడుతవేంది?"

"ఏలు వెట్టి చూడు. అంటుకుంటుంది. తుప్పు అంటుకుంటదా?"

"ఏదీ, ఇటియ్యి… ఆగు."

"ఏమాయె?"

"ఆగుమంటున్న గదా."

"మూసూస్తున్నవేంది? ఏంది వాసన? చెప్పు. నీ మొకం గట్లెందుకైంది?"

"…బెల్లం."

"ఏందీ?"

"బెల్లం నీళ్ళు. నా సర్వీసుల డీజిల్ల కిరసనాయిలు చూసిన, ఇసుక చూసిన, ఒకసారి సచ్చిన బల్లిని చూసిన. బెల్లం చూడలే. అగో, గా ట్యాంకు మూత చూడు. మూత చుట్టు చీమలు. డీజిల్‌కు చీమలెందుకు వస్తయి? నేను గూడ చూసి చూడనట్టు పోయిన."

"దొరికిండు! దొరికిండు బిడ్డ! చక్కెర పోస్తే ఇంజన్ పోతదని ఫోన్ల ఉంది, నేను చూసిన. వాడు గూడ చూసిండు. చక్కెర పోస్తే తెలుస్తదని బెల్లం పోసిండు. మిస్త్రీ, ఎక్కు నా మోటర్‌సైకిల్, ఇప్పుడే పోదాం. గిలాస గూడ పట్టుకో, గదే సాక్ష్యం."

"ఎక్కడికి పోతవయ్య? జర బుర్ర వెట్టు. ఉన్నది గదా బుర్ర? నీ మీద పగ ఉన్నోడు ఇసుక పోస్తడు. ఇసుక వాగుల పుణ్యానికుంది. ఉప్పు పోస్తడు. పండుగ పూట ఇంట్ల ఉన్న బెల్లం తెచ్చి, దంచి, నీళ్ళల్ల కరిగిచ్చి, మంచిగ వడవోసి… చూడు, ఒక్క పలుకు లేదు, వడవోసిండ్రు… గింత కష్టం నీ కోసం ఎవడు చేస్తడు? నీ మొకానికి బెల్లం దండుగ."

"వానికి గంత తెలివి లేదు. గందుకే బెల్లం పోసిండు."

"తెలివి లేనోడు వడవోస్తడా?"

"నువ్వు వాని దిక్కు మాట్లాడుతున్నవు! వాని ట్రాక్టర్ గూడ నువ్వే బాగుజేస్తవు గదా, గిరాకి పోతదని భయం!"

"నీ అసొంటి గిరాకి పోతే హనుమాండ్లకు కొబ్బరికాయ కొడుత."

"అవ్వ. ఇటు చూడు. నిన్న నేను బండి నిలవెట్టి తానం చేయబోయిన. నువ్వు వాకిట్లనే ఉన్నవు. వాడు గిటు దిక్కు వచ్చిండా?"

"రాలే."

"వాని పాలేరు?"

"ఎవలు రాలే."

"నువ్వు వాకిట్లనే ఉన్నవా మరి?"

"ఉన్న. జరసేపు గుడికి పోయిన."

"గుడికి అందరం పోయొచ్చినం గదా. మల్లెందుకు?"

"దీపంల నూనె పొయ్యను."

"నూనె చెంబుల తీస్కపోతరా? నేను తలుపు సందుల నుంచి చూసిన. పెద్ద రాగి చెంబు చెంగు కింద పెట్టుకొని పోయినవు."

"ఠాణల పోలీసు నువ్వేనా? చెంబేంది, చెంగేంది అని అడుగుతవు."

"చూసినవా మిస్త్రీ? దాస్తుంది. ఈమెకు తెలుసు. వాడు వచ్చి పోసిండు, ఈమె చూసింది. వాన్ని కాపాడుతుంది."

"నేనెవల్ని కాపాడుత లచ్చుమనా?"

"వాన్నే! చిన్నప్పటి సంది గంతే నువ్వు. నా ఇంట్ల తింటవు, నా ఇంట్ల పంటవు, మనసు మాత్రం ఆడుంటది. పండుగనాడు నాకు పోలె పెట్టుకుంట గూడ వాని ఇంటి దిక్కే చూసినవు. నేను చూడలేదనుకున్నవా? ఒక్క తల్లికి ఇద్దరు కొడుకులుంటే ఒకడెప్పుడు తక్కువే."

"గట్లనా."

"గట్లనే."

"సరే. పో. ఠాణకు పో. నన్ను గూడ తీస్కపో. నువ్వేం జెప్పుతవో చెప్పు, ఆడ నేను గూడ ఒక మాట చెప్పుత."

"ఏం జెప్పుతవు?"

"నీకెందుకు? నాకేం తెల్వదంటివి గదా పొద్దటి సంది."

"జర ఆగుండ్రి ఇద్దరు. నా ఫోన్ మోగుతుంది. చేతులు నూనె… హలో. ఎవలు? ఆ… ఆ, చెప్పు బుచ్చిరాములన్న."

"మా అన్ననా? వాడేనా? ఏమంటుండు?"

"ఉష్! ఆ, చెప్పన్న. పనిల ఉన్న. ఎవలింట్లనా? ఉన్న ఒక కాడ, నీకెందుకు, నీ సంగతి చెప్పు. …ఏందీ? …దడదడనా? …ఎప్పటి సంది? పొద్దుగాల చాలు చేసినప్పటి సంది. ముందుగాల మంచిగనే నడిచింది, తరువాత వణుకుతుంది. …పొగ ఏం రంగు? …తెల్లది. …ఆ. ఒక పని చెయ్యన్న. ట్యాంకు మూత కాడికి పోయి చీమలున్నయా చూడు. అరే, చూడుమంటే చూడు. ఎగతాళి చేస్తలేను."

"చీమలా? వాని బండికి గూడనా?"

"ఉన్నయా? …దండిగనే ఉన్నయా. …ఎవలు పోసిండ్రంటవు? …ఎవలూ? …ఓహో. గట్లనా. నువ్వు ముందే అనుకున్నవా. …నేనొచ్చి ఒక్క మాట చెప్పాల్నా. …ఠాణకా? ఖానాపూర్ ఠాణకేనా? …అన్న, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. ఇస్త్రీ అంగి తొడుక్కున్నవా? …ఏం లేదు, ఊకెనే అడిగిన. నేను వచ్చేదాక ఏడికి పోకు. బండి చాలు చెయ్యకు, బెల్లం పంపుల దాక పోతే మొత్తం ఇప్పాల్సొస్తది. పెట్టేస్తున్న."

"ఏమన్నడు? మిస్త్రీ, ఏమన్నడు?"

"వాని ట్యాంకుల నువ్వు పోసినవంటుండు."

"నేనా! నేను వాని వాకిలి దిక్కు మర్లి గూడ చూడ! అవ్వ మీద ఒట్టు!"

"ఆయన గూడ అవ్వ మీదనే ఒట్టేసిండు. పాపం, ఆమె ఒక్కతి, ఎన్ని ఒట్లని మోస్తది?"

"అంటే… నేను పొయ్యలే. వాడు పోస్తే వాని దాంట్ల వాడే పోసుకోడు. మిస్త్రీ, మా ఇద్దరంటే పడనోడు ఎవడో ఉన్నడు!"

"ఉన్నడు, ఉన్నడు. మస్తు బెల్లమున్నోడు. పెద్దవ్వా, జర ఇటు చూడు. గా కుడితి గోలెం మీద బోర్లిచ్చిన రాగి చెంబు… నీదేనా?"

"నాదే."

"దానికి చీమలెందుకు వట్టినయి?"



"అవ్వ? నువ్వు… నిన్న గుడికే గదా పోయింది? అవ్వ, మాట్లాడు!"

"చీమలకు గూడ ఎరుకైంది, మీకే ఎరుక గాలే. పొలాలనాడు ఎడ్లకు పోలె పెట్టి బెల్లం నీళ్ళు తాపకుండ నేను ఏ ఏడన్న ఉన్ననార? పోలె పెడుదామంటే దానికి పండ్లు లేవాయె. నువ్వు డీజిల్ పోసే నోరు తీసి గా నోట్లనే తాపిన. పొద్దటి సంది చెప్పబోతే తెల్వది, నడువ్ అంటివి. ఇగ వాని ఇంటి సంగతంటవా? గడప తొక్కద్దంటివి, తొక్కలే కొడుకా, వాకిట్లనే నిలవడ్డ. కర్రెద్దుకు తాపి తెల్లెద్దును ఎండవెట్టేదాన్నా నేను? గా చెంబుల సగం నీ దానికి, సగం వాని దానికి."